ఎండ చూసిన మందు

ఆ పొద్దున డిటెక్టివ్ ముందున్న పనులు ఇవి. ఆసుపత్రికి వెళ్ళి దర్జీ అక్కను చూడాలి. ఆమె నోరు విప్పగలిగితే నాలుగు మాటలు వినాలి. ఆమె వాడగా మిగిలిన మందు డబ్బా ఇన్‌స్పెక్టరు సంచిలో పడకముందే తన జేబులో పడాలి. నూనె పెద్దాయన డాబా ఎక్కి, మందు ఎక్కడ పుడుతుందో కళ్ళారా చూడాలి. ప్రయోగశాల మేడమ్ ఎక్కడున్నా పట్టుకోవాలి. చొక్కా ఎడమ చేతి గుండీ ఊడింది, అది కుట్టించుకోవాలి. ఇవన్నీ మధ్యాహ్నం ఒంటిగంట లోపల కావాలని ఆసుపత్రి నుంచి కబురు.

గుండీ మాట వింటే ఎవరికైనా నవ్వు వస్తుంది. అతనికి మాత్రం అది నవ్వులాట కాదు. రెండు మోచేతుల మీదా వెండి రేకుల్లాంటి పొలుసులు పట్టి ముప్పై ఏళ్ళయింది. బడిలో పిల్లలు 'కుబుసం' అని పిలిచేవాళ్ళు. పెద్దయ్యాక ఆ పేరు పోయింది కానీ ఆ చెవి పోలేదు. ఎవరు గుసగుసలాడినా తన గురించే అనుకునేవాడు. అలా గుసగుసలు వినీ వినీ చివరికి డిటెక్టివ్ అయ్యాడని అతని భార్య అంటుంది. మండు వేసవిలోనూ పొడుగు చేతుల చొక్కా విప్పడు. నల్ల చొక్కా కొనడు. భుజం మీద రాలిన పొట్టు నల్లగుడ్డ మీద ఎలా మెరుస్తుందో సోరియాసిస్ ఉన్నవాళ్ళకి ఒకరు చెప్పనక్కర్లేదు.

కేసు సంగతి ఇదీ. నూనె పెద్దాయన ఇంట్లో మూడు తరాలుగా ఈ జబ్బుకి ఒక ఆకు నూనె ఇస్తున్నారు. పనిచేస్తుంది కానీ నత్తనడక. ప్రయోగశాలలో ఒక మేడమ్ ఆ నూనెను కంటికి ఆనని బిందువులుగా చీల్చి జెల్‌గా మార్చింది. ఆమె ఏ మాట మొదలుపెట్టినా 'సూక్ష్మంగా చెప్పాలంటే' అని మొదలుపెడుతుంది కాబట్టి అందరూ ఆమెను సూక్ష్మం మేడమ్ అంటారు. పన్నెండు మంది రోగులు తమంతట తాము ముందుకొచ్చి ఆ జెల్ వాడారు. మొదటి విడత మందు నెమ్మదిగా, నిలకడగా పనిచేసింది. రెండో విడత మందు వారం తిరక్కుండానే ఒళ్ళు అద్దంలా చేసింది. ఊరంతా మహిమ అంది. ఆ తర్వాత పన్నెండు మందిలో ఒకరైన దర్జీ అక్క ఒళ్ళంతా నిప్పులా ఎర్రబడి, చీము పొక్కులు తేలి, జ్వరంతో ఆసుపత్రిలో పడింది. ఆమె తమ్ముడు డిటెక్టివ్ ఇంటి తలుపు తట్టాడు.

ఆసుపత్రిలో చర్మవ్యాధుల డాక్టరమ్మ అతన్ని వరండాలోనే ఆపింది. పక్కకు తీసుకెళ్ళి, చుట్టూ తిప్పకుండా చెప్పింది.

"నాకు రెండు దారులున్నాయి. ఆకు పడక ఒళ్ళు ఎదురు తిరిగిందంటే, స్టెరాయిడ్ ఎక్కించి కాపాడతాను. అలా కాక, ఆ డబ్బాలో ముందే ఎవరో గట్టి స్టెరాయిడ్ కలిపి, ఈమె అది ఒక్కసారిగా మానేసినందుకు ఇలా అయిందంటే, మళ్ళీ అదే ఎక్కించడం నిప్పులో నెయ్యి పొయ్యడమే. ఒంటిగంట దాకా ఆగగలను. ఆ తర్వాత ఈమె గుండె ఆగేలా ఉంది."

మందును పరీక్షకు పంపలేదా అని అడిగాడు. ప్రయోగశాలకు ఇన్‌స్పెక్టరు పొద్దున్నే తాళం వేశాడనీ, ప్రభుత్వ పరీక్షశాల నుంచి జవాబు రావాలంటే నాలుగు రోజులనీ ఆమె చెప్పింది. నాలుగు రోజుల తర్వాత వచ్చే జవాబు ఎవరికి చదివి వినిపించాలో ఆమె చెప్పలేదు.

దర్జీ అక్క మీద దుప్పటి కూడా కప్పలేదు. గుడ్డ తగిలితే ఓర్చుకోలేదట. జీవితమంతా గుడ్డతో బతికిన మనిషి. తడి పట్టీల మధ్య నుంచి రెండు కళ్ళు మాత్రం అతని చేతి వంక చూశాయి. గుండీ లేని చేతి అంచు వెనక్కి మడతపడి, మోచేతి కింది పొలుసులు బయటపడ్డాయి. అతను గబుక్కున లాక్కోబోయాడు.

"దాచకు తమ్ముడూ," అంది. గొంతు కాగితంలా ఉంది. "ఇరవై ఏళ్ళ తర్వాత నా చేతులు నేను చూసుకున్నాను. వారం రోజులు. పొట్టి చేతుల జాకెట్టు కుట్టుకున్నాను. నా కోసం నేను. తగ్గిపోయిందిగా అని మందు మానేశాను. ఆ వారం అబద్ధమా, నిజమా? అది కనుక్కో. చస్తే చచ్చాను గానీ, అది తెలియకుండా చావలేను."

మిగిలిన డబ్బాను ఆమె తమ్ముడు కుట్టుమిషను సొరుగులోంచి తెచ్చి ఇచ్చాడు. అరచేతిలో పట్టే గాజు డబ్బా. సగం ఖాళీ. లోపల లేత ఊదా రంగు జెల్, నీళ్ళంత తేటగా ఉంది.

పెద్దాయన డాబా మీదికి ఇనుప మెట్లు. పైకి తలెత్తగానే డిటెక్టివ్ కాళ్ళు చివరి మెట్టు మీదే ఆగిపోయాయి.

ఎండలో వరసగా గాజు జాడీలు. ప్రతి దానిలోనూ కొబ్బరినూనె, అందులో మునిగిన ఆకు. మొదటి జాడీలో నూనె పచ్చిగడ్డి రంగు. తర్వాతి దాంట్లో ఆకుపచ్చ కాస్త నలుపు తిరిగింది. ఆ పక్కదాంట్లో ఎర్ర జీర. చివరి జాడీ నిండా చిక్కటి ఊదా రంగు, సాయంకాలపు ఆకాశాన్ని పట్టి మూత పెట్టినట్టు. పొయ్యి లేదు, పొగ లేదు, గరిటె తిప్పేవాళ్ళు లేరు. ఆకూ నూనే ఎండా మూడే ఉన్నాయి. మిగతా పని దానంతట అదే జరిగిపోతోంది.

"తుంచితే పాలు కారే ఆకు బాబూ అది," అన్నాడు వెనక నుంచి పెద్దాయన. "నిప్పు తగిలితే అలుగుతుంది. సూర్యుడికి తప్ప ఎవరికీ లొంగదు."

సన్నగా, ఆరబెట్టిన చింతబరికెలా ఉన్నాడు. కూతుర్ని పిలిచి మంచినీళ్ళు ఇమ్మన్నాడు. ప్రయోగశాలలో మందులు కలిపి డబ్బాల్లో నింపే ఉద్యోగం ఆ అమ్మాయిదే. తాళం పడడంతో ఇంట్లో ఉండిపోయింది. గ్లాసు అందించి, తల ఎత్తకుండా మెట్ల పక్కన నిలబడింది.

డిటెక్టివ్ అడగవలసినవన్నీ అడిగాడు. ఆకు ఎవరు కోస్తారు, నూనె ఎక్కడ కొంటారు, ఇంకేమైనా కలుపుతారా. చివరి ప్రశ్నకు పెద్దాయన ముఖం మాడింది. మా తాత చచ్చేముందు నూనె జాడీ మీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించాడు, కలిపేవాడికి కలిసిరాదు అన్నాడు. ఆ మాటలో బొంకు వాసన లేదని డిటెక్టివ్‌కి అనిపించింది. కానీ అనిపించడం సాక్ష్యం కాదు. లేచి డాబా అంతా తిరిగాడు.

జాడీల కింద దుమ్ము కదల్లేదు. పిట్టగోడ మీద పాత ఆకుల పిప్పి ఆరబెట్టి ఉంది. అన్నీ పొందిగ్గా ఉన్న ఆ చోట ఒక్కటే పొసగనిది. వాననీళ్ళు పోయే తూము నోట్లో ఊదా రంగు మరక. వంగి వేలితో రుద్దాడు. గట్టిగా, ఎండిన జిగురులా ఉంది. గ్లాసులో మిగిలిన నీళ్ళు రెండు చుక్కలు వేసి మళ్ళీ రుద్దాడు. వేలు సర్రున జారింది.

నూనె నీళ్ళకి ఉబ్బదు. జెల్ ఉబ్బుతుంది.

ఇక్కడ ఏమైనా పారబోశారా అని అడిగితే పెద్దాయన నొచ్చుకున్నాడు. చుక్క నూనె నేలపాలు చేస్తే వాళ్ళ నాన్న చెయ్యి విరగ్గొట్టేవాడట. చూపు ఆనడం లేదు, ఏ కాకి రెట్టో అయ్యుంటుంది అన్నాడు. డిటెక్టివ్ కాదనలేదు. మెట్ల పక్కనున్న అమ్మాయి మాత్రం కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ, మళ్ళీ చుట్టుకుంటూ ఉంది.

అప్పుడే సూక్ష్మం మేడమ్ మెట్లెక్కి వచ్చింది. ఆమె కోసం ఊరంతా వెతకాల్సిన పని తప్పింది. తన గదికి తాళం పడితే ఆమెకు వెళ్ళడానికి ఈ డాబా తప్ప ఇంకో చోటు లేనట్టుంది. మనిషి నలిగిపోయింది గానీ, జెల్ గురించి అడిగేసరికి వెన్ను నిటారైంది.

మామూలు చర్మం అడుగున పుట్టిన కణం పైకొచ్చి రాలడానికి నెల పడుతుందట. ఈ జబ్బులో ఆ ప్రయాణం నాలుగైదు రోజుల్లోనే అయిపోతుంది. కణాలు పండకుండానే ఒకదాన్నొకటి తోసుకుంటూ పైకొచ్చి, పొలుసై పేరుకుపోతాయి. వాటి మీద నూనె రాస్తే కోట గోడ మీద నీళ్ళు చల్లినట్టే. అందుకని తను ఆ నూనెను తలవెంట్రుక మందంలో వెయ్యో వంతు ఉండే బిందువులు చేసింది. ఆ బిందువు గోడను బద్దలు కొట్టదు. ఇటుకల సందుల్లోంచి దూరి, తొందరపడుతున్న చోటికి వెళ్ళి, నెమ్మదించమని చెబుతుంది.

డిటెక్టివ్ తన మోచేయి చొక్కా పైనుంచే తడుముకున్నాడు. ముప్పై ఏళ్ళుగా దాన్ని రోత అనుకున్నాడు. అది తొందర అని ఎవరూ చెప్పలేదు. తన ఒంటి మీద ఇంత పరుగు జరుగుతోందనీ, ఆ పరుగు వెనకే వెళ్ళి బుజ్జగించే బిందువులను ఒక మనిషి కూర్చుని తయారుచేసిందనీ అతనికి ఆ క్షణాన తెలిసింది. కాసేపు ప్రశ్న మరిచిపోయాడు.

గుర్తు తెచ్చుకుని పెద్దాయన వైపు తిరిగాడు. ప్రతి విడత మందూ పంచేముందు పెద్దాయన దగ్గరికి వచ్చేదట. ఆయన మూత తీసి వాసన చూసి సరే అంటేనే రోగుల చేతికి వెళ్ళేది. అది మేడమ్ ఆయనకు ఇచ్చిన గౌరవం. రెండో విడత డబ్బాలు వచ్చిన రోజున వాసన చూశాక ఏం చేశారని అడిగాడు.

పెద్దాయన కాస్త తటపటాయించాడు. మేడమ్ వంక చూడలేదు.

"ఎండ చూపించాను," అన్నాడు. "పొద్దున పెట్టి, పొద్దు వాలాక తీశాను. ఎండ చూపించని మందు కళ్ళు తెరవని బిడ్డ లాంటిది బాబూ. మా ఇంట్లో అలా ఎవరికీ ఇవ్వలేదు."

సూక్ష్మం మేడమ్ పిట్టగోడ మీద కూలబడింది. ఆమె తిట్టలేదు. చల్లటి చోట ఉంచమని డబ్బా డబ్బా మీదా రాసి అంటించానని మాత్రం అంది. ఆ కాగితం నా పని తెలియనివాళ్ళ కోసం అనుకున్నానమ్మా అన్నాడు పెద్దాయన. అందులో వెటకారం లేదు. నిజంగా అలాగే అనుకున్నాడు.

మరి మొదటి విడతకు ఎండ చూపించలేదా అని డిటెక్టివ్ అడిగాడు. చూపిద్దామనే డాబా మీద పెట్టాడట. ఆ వారమంతా ముసురు. సూర్యుడి ముఖం కనిపించలేదు. ఇక తప్పక అలాగే పంపేసి, రెండు నెలలు నిద్ర పట్టక బాధపడ్డాడట. ఆ ముసురే మొదటి విడత మందును కాపాడిందని అక్కడ అందరికంటే ఆలస్యంగా అర్థమైంది ఆయనకే.

"ఎండకు ఈ జెల్ ఏమవుతుంది మేడమ్?"

"విరిగిపోతుంది. పాలు విరిగినట్టు. బిందువులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసి నూనె పైకి తేలుతుంది. అడుగున తెల్లటి మడ్డి. ఒక్క పూట చాలు."

డిటెక్టివ్ జేబులోంచి దర్జీ అక్క డబ్బా తీసి పిట్టగోడ మీద పెట్టాడు. ఇది రెండో విడతది. ఎండ చూసింది. విరగలేదు. పైన నూనె లేదు, అడుగున మడ్డి లేదు. ఇంత తేటగా ఎలా ఉంది?

సూక్ష్మం మేడమ్ దాన్ని ఎత్తి చూసింది. తిప్పి చూసింది. చీకటి గది ఏదైనా ఉందా అని అడిగింది.

డాబా మూల ఆకు నిలవచేసే చిన్న గది ఉంది. కిటికీ లేదు. పెద్దాయన ఒక గూట్లోంచి గుడ్డ చుట్టిన డబ్బా తెచ్చాడు. మొదటి విడతలో మిగిలిన ఒకే ఒక్కటి, జ్ఞాపకంగా దాచుకున్నాడు. మేడమ్ తాళాల గుత్తికి వేలాడే లేజర్ టార్చి తీసింది. తలుపు వేసి, ముందు పాత డబ్బా మీదికి పక్క నుంచి గురిపెట్టి నొక్కింది.

ఎర్రటి వెలుగు డబ్బాకి ఇటు వైపు గాలిలో ఎక్కడా కనిపించలేదు. డబ్బాలోకి దిగగానే కనిపించింది. ఈ గాజు నుంచి ఆ గాజు దాకా, బిగించి కట్టిన ఎర్ర దారంలా, కదలకుండా, లోపల వెలుగుతూ నిలబడింది. కోటానుకోట్ల బిందువులు ఒక్కొక్కటీ కాస్త కాస్త వెలుగును పట్టుకుని మేం ఇక్కడున్నాం అంటున్నట్టు ఉంది. ఆకు, నూనె, ఎండ, ఒక ముసలాయన ఒట్టు, ఒక ఆడమనిషి పదేళ్ళ చదువు, అన్నీ ఆ దారంలో ఉన్నాయి. పెద్దాయన చేతులు తమంతట తామే జోడయ్యాయి. మూడు తరాలుగా ఇస్తున్న నూనె లోపల ఏముందో ఆయన ఎప్పుడూ చూసి ఎరుగడు. 

"ఇప్పుడు ఇది," అంది మేడమ్.

దర్జీ అక్క డబ్బా పెట్టి నొక్కింది. లోపల ఏమీ లేదు. దారం లేదు. వెలుగు ఈ వైపు నుంచి దూరి, ఆ వైపు నుంచి బయటపడి, వెనక గోడ మీద ఎర్ర బొట్టై ఆగింది.

"ఇందులో నా బిందువు ఒక్కటి కూడా లేదు. ఉత్త జెల్. రంగు వేశారు. ఇది మా మందు కానే కాదు."

తలుపు దడాలున తెరుచుకుంది. ఎండతో పాటు ఇన్‌స్పెక్టరు లోపలికొచ్చాడు. ఎక్కడికెళ్ళినా ముందు తాళం వేసి తర్వాత ఆలోచిస్తాడని ఊళ్ళో ఆయనకి 'తాళం' అని పేరు. డిటెక్టివ్‌కీ ఆయనకీ పడదు. ఇంతకుముందు రెండు కేసుల్లో ఆయన తాళం వేసిన గది కాక పక్క గదిలో దొంగ దొరికాడు. రెండుసార్లూ దొరకబట్టింది డిటెక్టివే.

"చీకట్లో తోలుబొమ్మలాట ఆడుతున్నావా? ముసలాయన్ని తీసుకెళ్ళడానికి వచ్చాను. ఆ డబ్బా ఇటివ్వు."

"ఇస్తాను. ఒక్కసారి చూశాక."

"నీ మాజిక్కు చూసే తీరిక నాకు లేదయ్యా. ఆకు పసరు పూసి ఆడమనిషిని చావు దాకా తెచ్చాడు. అంతే కేసు."

"ఆమె వారంలో ఎలా బాగుపడింది? అది చెప్పండి, పెద్దాయన్ని నేనే బండి ఎక్కిస్తాను."

మేడమ్ రెండు డబ్బాలూ మళ్ళీ పెట్టి టార్చి నొక్కింది. ఒకదాంట్లో దారం. ఒకదాంట్లో శూన్యం. తాళం మనిషి వంగి చూశాడు. టోపీ తీసి మళ్ళీ చూశాడు. దారం మీద వేలు పెట్టబోయి, గాజు తగిలి, చిన్నపిల్లాడిలా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. 

డిటెక్టివ్ తన లెక్క చెప్పాడు. రెండో విడత డబ్బాలు ఈ డాబా మీద ఎండకు విరిగాయి. విరిగినవాటిని ఎవరో ఇక్కడే తూములో పారబోశారు, మరక ఇంకా ఉంది. ఖాళీ డబ్బాల్లో రంగు వేసిన వేరే జెల్ నింపారు. అది వారంలో ఒళ్ళు నున్నగా చేసింది. అంత వేగం ఆకుకి లేదు, మేడమ్ బిందువులకీ లేదు. గట్టి స్టెరాయిడ్‌కే ఉంది. పెద్దాయనకు చూపు ఆనదు. విరిగాయని ఆయనకు తెలియదు. తెలిస్తే ఎండ చూపించానని నోటితో ఒప్పుకునేవాడు కాదు. మరి మర్నాడు డబ్బాలు ప్రయోగశాలకు మోసుకెళ్ళింది ఎవరు?

"మా అమ్మాయే," అన్నాడు పెద్దాయన, ఇంకా ఏమీ తోచక, కాస్త గర్వంగానే.

ఎవరూ ఆ అమ్మాయి వైపు చూడలేదు. చూడక్కర్లేకపోయింది.

ఆమె చెప్పింది తక్కువ. తెల్లారి మూతలు తీసేసరికి అన్నీ విరిగి ఉన్నాయట. మేడమ్‌కి చెబితే నాన్న పేరు పోతుంది. జీవితంలో మొదటిసారి చదువుకున్నవాళ్ళు నాన్నని కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఆ కుర్చీ లాగేసినట్టవుతుంది. కొత్త విడత తయారయ్యే దాకా నెట్టుకొద్దామని, మందుల షాపులో దొరికే స్టెరాయిడ్ జెల్ తెచ్చి, చుక్క రంగు కలిపి నింపింది. రెండు వారాలే కదా అనుకుంది. వాళ్ళంతా అద్దంలో చూసుకుని ఏడుస్తుంటే తనూ ఏడ్చింది. ఒప్పుకోవడానికి ఆ తర్వాత నోరు రాలేదు.

పెద్దాయన గది బయటికి నడిచాడు. తూము దగ్గర కూర్చుని, కనపడని మరకను వేళ్ళతో తడిమి వెతుక్కున్నాడు. దొరికాక అక్కడే చెయ్యి ఉంచాడు.

"నాకు చెప్పి ఉంటే తిట్టేవాణ్ణమ్మా," అన్నాడు. "అంతేగా. తిట్టేవాణ్ణి."

డిటెక్టివ్ అప్పటికే ఫోను చెవికి ఆనించాడు. ఒంటిగంటకు ఇంకా కాస్త వ్యవధి ఉంది. అమ్మాయి చేత ఆ జెల్ పేరూ, ఎంత నింపిందీ డాక్టరమ్మకే నేరుగా చెప్పించాడు. అవతల ఒక నిట్టూర్పు వినిపించింది. పక్కన సిద్ధం చేసిన సూదిని తీసేయమని నర్సుతో చెప్పడం వినిపించింది. స్టెరాయిడ్ ఎక్కించకుండా రెండో దారి పడుతున్నాను, ఇక దర్జీ అక్క గట్టి మనిషి అయితే చాలు అంది డాక్టరమ్మ.

అతను గోడకు ఆనుకున్నాడు.  ఆ వారం అబద్ధమని దర్జీ అక్కకు చెప్పాలి. అబద్ధం వెనక ఒక నిజం ఉందని, అది చీకట్లో ఎర్ర దారంలా నిలబడుతుందని కూడా చెప్పాలి. బతికి లేస్తే తీసుకొచ్చి చూపించాలి.

ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకున్నాడు. ఓడినా తన వంతు గొప్ప చెప్పుకోకపోతే ఆయనకు అన్నం సయించదు. నువ్వు లైట్లు వేసి చూస్తున్నావు గానీ జనాన్ని కాపాడింది నేను అన్నాడు. పొద్దున్నే మిగతా పదకొండు మందికీ కబురు పంపించి, మందు ఆ క్షణం నుంచి ఆపించేశాడట. డబ్బాలన్నీ జీపులో ఉన్నాయట. రేడియోలో కూడా చెప్పించాడట.

ఫోను ఇంకా పెట్టేయలేదు. అవతల డాక్టరమ్మ విన్నది.

"ఆపించేశాడా?" అంది. "ఒక్కసారిగా ఆపినందుకే కదయ్యా ఈవిడ ఇక్కడ పడుకుంది. మెల్లగా, మా కళ్ళ ముందు తగ్గించుకుంటూ రావాలి. రేపో ఎల్లుండో ఆ పదకొండు మందీ ఇలాగే వస్తారు. ఇప్పుడే పిలిపించండి. అందరినీ."

తాళం ఇన్‌స్పెక్టరు ముఖంలో రంగు జాడీలో నూనెలా మారింది. ఆయన మీద ఎన్ని చెప్పుకున్నా ఒకటి ఒప్పుకోవాలి, ఆ తర్వాత ఆయన ఒక్క మాట కూడా వాదించలేదు. జీపు దగ్గరికి పరుగెత్తి, వైర్‌లెస్‌లో ఒక్కొక్క వీధి పేరూ అరిచి, పదకొండు ఇళ్ళకీ బళ్ళు పంపించాడు. పోస్టుమాన్ దొరికాడు. గాజు పని చేసే అన్నదమ్ములు దొరికారు. పాటలు నేర్పే పంతులమ్మ దొరికింది. ఒకరి తర్వాత ఒకరు ఆసుపత్రికి చేరుతున్నట్టు కబుర్లు వస్తుంటే డాబా మీదికి తిరిగొచ్చి ఆయనే వేళ్ళు ముడుస్తూ నిలబడ్డాడు. పదకొండో వేలికి చేతులు చాలక మళ్ళీ బొటనవేలు ముడిచి, అయిపోయింది అన్నాడు.

"అవలేదు," అంది ఆ అమ్మాయి.

అందరూ తిరిగారు.

ఆ రోజు డబ్బాలు నింపగా ఆ స్టెరాయిడ్ జెల్ మిగిలిందట. ప్రయోగశాల మెట్ల మీద ఎప్పుడూ ఒకాయన కూర్చునేవాడు. గొడుగులు బాగుచేసే మనిషి. జబ్బు మరీ ముదిరిందని మేడమ్ వాళ్ళు ఆయన్ని తీసుకోలేదు. అరచేతులు బీటలు వారి సూది పట్టలేక, దారం పళ్ళతో లాగేవాడు. ఆ అమ్మాయి చూడలేక ఒక పెద్ద డబ్బా నింపి ఇచ్చింది. వారం తర్వాత వచ్చి రెండు అరచేతులూ ఆమె ముఖం ముందు చాపాడు. ఒక్క బీట లేదు. ఏమీ మాట్లాడకుండా ఆమె చిరుగు గొడుగు తీసుకుని, అక్కడే మెట్ల మీద కూర్చుని, కుట్టు కనపడకుండా కుట్టి ఇచ్చాడు. ఇక చేతులొచ్చాయి, ఊళ్ళు తిరిగి బతుకుతాను అని వెళ్ళిపోయాడు. ఎటు వెళ్ళాడో తెలియదు. పేరు అడగలేదు. డబ్బా ఈపాటికి అయిపోయి ఉంటుంది. అయిపోకపోతే, రేడియో విని ఆపేసి ఉంటాడు.

డిటెక్టివ్ మెట్లు దిగడం మొదలుపెట్టాడు. వెనకే ఇన్‌స్పెక్టరు, పిలవకుండానే.

ఈ కథ చదువుతున్నవారికి ఒక్క మనవి. దర్జీ అక్కకు డాక్టరమ్మ ఉంది, పదకొండు మందికీ పడకలు దొరికాయి. వాళ్ళను మీరు మరిచిపోయినా ఫరవాలేదు. పన్నెండు మందిలో లేని ఆ ఒక్కణ్ణి మాత్రం మనసులో పెట్టుకోండి. మనిషి పొట్టి, మాట తక్కువ, భుజాన పాత గొడుగుల కట్ట. చాలా ఏళ్ళ తర్వాత తన అరచేతులు తనకి దొరికాయని సంబరంగా నడుస్తుంటాడు. ఆ చేతులు మళ్ళీ ఎర్రబడుతున్నాయేమో ఆయనకు ఇంకా తెలియదు. మీ వీధి మలుపులో గొడుగులు కుడతామనే కేక ఒకటి కొత్తగా వినిపిస్తే, ఆయన్ని గుర్తు చేసుకుని, ఒక్కసారి తలుపు తీసి చూడండి.